పాత వ్యాన్‌ను ప్రయాణాల బండిగా మార్చడం: చలికాలపు పనులకు సమగ్ర మార్గదర్శి

పాత సరుకుల వ్యాన్‌ను పడుకోవడానికి, వండుకోవడానికి వీలున్న ప్రయాణాల బండిగా మార్చే పని చలికాలం వచ్చేసరికి నత్తనడకన సాగుతుంది. పగటి వెలుతురు తగ్గిపోతుంది, చేతులు కొంకర్లు పోతాయి, జిగురు పట్టదు, రంగు ఆరదు. పెద్ద హీటరు ఒకటి తెచ్చిపెట్టి, వేసవిలో చేయవలసిన పనులనే చలిలో బలవంతంగా కానిచ్చుకోవడం చాలామంది ఎంచుకునే దారి. అలా చేసిన పనిలో చాలా భాగాన్ని చలి తగ్గాక విప్పి మళ్ళీ చేయవలసి వస్తుంది. ఏ పనులు చలికి లొంగుతాయో, ఏవి లొంగవో ముందే విడదీసుకుని ఆ క్రమంలో నడిస్తే, వేగం తగ్గినా చేసిన పని నిలుస్తుంది. పైగా నీటి కారుడు, తేమ, తుప్పు, బ్యాటరీ బలహీనత వంటి లోపాలను బయటపెట్టడంలో చలికాలాన్ని మించిన పరీక్షకుడు లేడు. ఇక్కడ చెప్పేదంతా స్టీలు బాడీ గల పాత వ్యాన్‌కు, 12 వోల్టుల విద్యుత్ వ్యవస్థకు వర్తిస్తుంది.

మొదటి అడుగు: పనులను ఉష్ణోగ్రతను బట్టి విడదీయడం

ఒక కాగితంపై చేయవలసిన పనులన్నీ రాసి, ప్రతి పని పక్కన దానికి కనీసం ఎంత వెచ్చదనం కావాలో రాసుకోవాలి. ఆ సంఖ్య డబ్బా మీదా, తయారీదారు ఇచ్చే సాంకేతిక పత్రంలోనూ ఉంటుంది. రంగుకు ముందు రేకుపై పూసే ఎపాక్సీ ప్రైమర్లలో ఎక్కువ భాగం 10 డిగ్రీల సెల్సియస్ దిగువన గట్టిపడడంలో బాగా మందగిస్తాయి. అతుకుల్లోంచి నీరు దూరకుండా పూసే పాలీయురేథేన్ సీలెంట్లు చాలావరకు 5 డిగ్రీల దాకా పూయడానికి వీలిస్తాయి గానీ, అవి గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడే రకం కాబట్టి, చల్లని పొడిగాలిలో ఒక రోజులో కావలసిన పనికి అనేక రోజులు తీసుకుంటాయి. వెనుక జిగురు ఉన్న టేపులు, బ్యూటైల్ రబ్బరు షీట్లు చల్లని రేకుకు అతుక్కున్నట్టే కనిపించి తర్వాత ఊడివస్తాయి.

ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు, రేకు చెమర్చకుండా ఉండాలి. రంగు గాని సీలెంట్ గాని పూసే సమయానికి రేకు ఉష్ణోగ్రత తుషార బిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పెయింటు పనివారు పాటించే నియమం. గాలి 15 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్నప్పుడు తుషార బిందువు సుమారు 9.6 డిగ్రీలు, అంటే రేకు 13 డిగ్రీలకు దగ్గరగానైనా ఉండాలి. రాత్రంతా చల్లబడిన బండిలో ఉదయాన్నే హీటరు వేస్తే గాలి త్వరగా వేడెక్కుతుంది, రేకు మాత్రం చల్లగానే ఉండి, కంటికి ఆనని నీటి పొరను కప్పుకుంటుంది. ఆ పొర మీద పూసిన ప్రైమర్ నిలవదు. తేమను, ఉష్ణోగ్రతను కొలిచే చిన్న మీటరు, రేకును తాకకుండానే దాని వేడిని చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఈ పనిలో తప్పనిసరి అని నా అభిప్రాయం.

గ్యాసు లేదా కిరోసిన్ హీటరును లోపల పెట్టి పనిచేయడం రెండు విధాల నష్టం. ఒక కిలో గ్యాసు మండితే ఒకటిన్నర కిలోకు పైగా నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అదంతా రేకుకే పడుతుంది. రెండవది మరింత తీవ్రమైనది: మూసిన చోట మంట కార్బన్ మోనాక్సైడును విడుదల చేస్తుంది, దానికి వాసన లేదు, రంగు లేదు. విద్యుత్ హీటరు వాడుకుని, రంగు లేదా సాల్వెంట్ ఆవిర్లు ఉన్నంతసేపు దానిని కూడా ఆపి, తలుపులు తెరిచి ఉంచాలి.

ఈ జాబితా పూర్తయ్యాక పనులు మూడు కుప్పలుగా విడిపోతాయి: ఎంత చలిలోనైనా చేయగలిగేవి, వెచ్చని మధ్యాహ్నం కోసం ఆగవలసినవి, బండి దగ్గరే కాకుండా ఇంట్లో కూర్చుని చేయగలిగేవి. మూడవ కుప్ప అనుకున్న దానికంటే పెద్దదిగా ఉంటుంది, చలికాలపు అసలు ప్రగతి అక్కడే జరుగుతుంది.

రెండవ అడుగు: నడిచే భాగాలు

లోపలి చెక్కపని మొదలుపెట్టకముందే బండి నమ్మకంగా నడుస్తుందో లేదో తేల్చుకోవాలి. ఇంజను సిలిండర్లలో కంప్రెషన్ పరీక్ష, కూలెంట్‌లో గడ్డకట్టని ద్రవం నిష్పత్తి, టైమింగ్ బెల్టు వయసు, ఇంధన గొట్టాల రబ్బరు, బ్రేకు గొట్టాలు చూడాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది కనుక, రెండేళ్లు దాటితే మార్చడం మంచిది. టైర్ల పక్క గోడ మీద డీఓటీ అక్షరాల వరుస చివర ఉన్న నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి: 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. గాడులు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరును దూర ప్రయాణానికి వాడకూడదు.

నిలిపి ఉంచిన బండిని అప్పుడప్పుడు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మేలు చేయదు. ఇంజను పూర్తిగా వేడెక్కక ముందే ఆపితే దహనంలో పుట్టిన నీరు ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ మిగిలిపోతుంది. నడిపితే అరగంటైనా రోడ్డు మీద నడపాలి, లేదంటే ట్యాంకు నింపి, పెట్రోలు బండి అయితే అందులో ఇంధనం పాడవకుండా ఉంచే స్టెబిలైజరు కలిపి, బ్యాటరీని ఛార్జరుకు తగిలించి అలాగే వదిలేయాలి. ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలోని ద్రవం సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పెట్టెను పగలగొడుతుంది. నిండుగా ఛార్జయిన బ్యాటరీకి ఆ భయం ఉండదు.

మూడవ అడుగు: నీరు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడం

నేల మీది రబ్బరు చాపను, గోడల పలకలను, పైకప్పు బట్టను పూర్తిగా తీసివేసి, బండిని వాన, మంచు పడే చోట కొన్ని వారాలు వదలాలి. తడి కనిపించిన ప్రతిచోటా మార్కరుతో గీసి తేదీ వేయాలి. పాత వ్యాన్లలో ముందు అద్దం రబ్బరు కింది అంచు, పైకప్పు వెంట ఉండే నీటి గాడి, వెనుక దీపాల చుట్టూ ఉండే గాస్కెట్లు, పైకప్పు మీది సామాను స్టాండు బోల్టులు, తలుపుల అడుగున మట్టితో పూడుకుపోయిన నీటి రంధ్రాలు తరచుగా దోషులుగా తేలుతాయి. నీరు కనిపించిన చోటు, చొరబడిన చోటు ఒకటే అనుకోకూడదు. రేకు మడతల వెంట చాలా దూరం పారి ఎక్కడో తేలడం దానికి అలవాటు.

లోపలి తడి కారిన నీరా, గాలిలోని తేమ చల్లని రేకు మీద పట్టినదా అన్న సందేహం చలికాలంలో తరచూ వస్తుంది. అనుమానమున్న చోటును తుడిచి ఆరబెట్టి, అరచేతులు రెండు పట్టేంత ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గట్టిగా అంటించి ఒకటి రెండు రోజులు ఆగాలి. తడి ప్లాస్టిక్‌కు బండి లోపలివైపు ఉంటే అది గాలి తేమ. ప్లాస్టిక్‌కూ రేకుకూ మధ్య నీరు నిలిస్తే బయటినుంచి వస్తున్నట్టు లెక్క. ఈ పరీక్ష తేలే వరకు ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా గోడలకు వేసే పొర) గురించి ఆలోచించనవసరం లేదు.

నాలుగవ అడుగు: తుప్పు

మొత్తం పనిలో అత్యధిక ఓపిక అడిగేది ఇదే. దీనిని తొందరగా ముగించినవారు రెండేళ్లలో పలకలు విప్పి చూడవలసి వస్తుంది. మొద్దు స్క్రూడ్రైవరుతో ప్రతి అనుమానిత చోటా గట్టిగా పొడవాలి: చక్రాల గుమ్మటాలు (చక్రాల పైన ఉండే వంపు రేకులు), తలుపుల కింది గడపలు, నేల అంచులు, బ్యాటరీ కింది పళ్ళెం, సస్పెన్షన్ బిగించిన చోట్లు, సీటు బెల్టు బోల్టుల చుట్టూ. పైన రంగు ఉబ్బినట్టు కనిపించే పొక్కు కింద, కనిపించే దాని కంటే వెడల్పుగానే తుప్పు పరుచుకుని ఉంటుంది.

దొరికిన తుప్పును మూడు రకాలుగా చూడాలి. పైపైన ఎర్రబారినదైతే వైర్ బ్రష్, ఎమరీ పేపరుతో మెరిసే లోహం దాకా గీకితే చాలు. గుంతలు పడినదైతే గీకిన తర్వాత కూడా గుంతల అడుగున నల్లని చుక్కలు మిగులుతాయి. వాటికి ఫాస్ఫారిక్ ఆమ్లం లేదా టానిక్ ఆమ్లం గల రస్ట్ కన్వర్టరు పూయాలి. రేకు చిల్లు పడినదైతే కుళ్ళిన భాగాన్ని మంచి లోహం వచ్చే వరకు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించడం ఒక్కటే మార్గం. చిల్లు మీద ఫైబర్ పట్టీ అతికించి పుట్టీ పూయడం కంటికి ఇంపుగా ఉంటుంది గాని దాని కింద తుప్పు సాగుతూనే ఉంటుంది, అది చాసిస్ లేదా సీటు బెల్టు దగ్గరైతే ప్రాణాపాయం కూడా. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, ఇంధన గొట్టాల, ట్యాంకు ఉనికి చూసుకోవాలి, నురుగు ఇన్సులేషన్ ఏదైనా ఉంటే దూరంగా తీసేయాలి. ఈ క్రమాన్ని తలకిందులు చేసి ముందు ఇన్సులేషన్ వేసుకున్నవారికి తర్వాత వెల్డింగ్ చేయించడం నిప్పుతో చెలగాటమే.

గీకడం, పొడవడం, కోయడం, వెల్డింగ్ చలిలో సాగే పనులే. ప్రైమర్ మాత్రం వెచ్చని మధ్యాహ్నానికి ఆగాలి. ఆగే లోగా తెరిచిన లోహం మళ్ళీ ఎర్రబడుతుంది కనుక, బండి మొత్తాన్ని ఒకేసారి గీకి పెట్టుకోకుండా, వాతావరణం చూసుకుని ఆ రోజు పూయగలిగినంత మేరకే గీకడం తెలివైన పద్ధతి. ఉదయం పది గంటలకు గీకడం మొదలుపెట్టి, మధ్యాహ్నం సాల్వెంట్‌తో తుడిచి ప్రైమర్ వేసి, ఆవిర్లు పోయాక, చీకటి పడకముందే పైన వెచ్చని దీపం ఒకటి నిలిపితే ఒక చక్రాల గుమ్మటం ఒక రోజులో పూర్తవుతుంది. రోజుకు ఒక మూల అన్నది చలికాలానికి తగిన గౌరవప్రదమైన వేగం. ప్రైమర్ ఆరాక అతుకుల మీద సీమ్ సీలెంట్, దానిపై రంగు వేసి, చేయి దూరని పెట్టె భాగాల్లోకి మైనపు ద్రావణాన్ని పొడవాటి గొట్టంతో చిమ్మాలి. మైనం చల్లగా ఉంటే చిక్కబడి గొట్టం మూసుకుపోతుంది. డబ్బాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి వాడాలి.

ఐదవ అడుగు: పైకప్పు ఫ్యాను

పైకప్పుకు కన్నం చేయడం చలికాలంలో చివరిదాకా వాయిదా వేసుకోదగ్గ పని. ఎందుకంటే కోసిన అంచుకు ప్రైమర్, చుట్టూ సీలెంట్ అదే రోజు పట్టాలి. ఫ్యాను తయారీదారు ఇచ్చే కొలత కాగితాన్ని, పైకప్పు రేకుకు లోపల బలమిచ్చే స్టీలు పట్టీల మధ్య ఉండేలా లోపలినుంచి అమర్చి, మూలల్లో డ్రిల్లు చేసి, జిగ్‌సాతో కోయాలి. కోతకు కింద గుడ్డ కట్టి ఇనుప రజను పట్టుకోవాలి, పైన పడినదాన్ని ఊడ్చి అయస్కాంతంతో తీసేయాలి. ఒక్క రాత్రి మంచుకే ఆ రజను రంగు మీద తుప్పు మచ్చలు వేస్తుంది.

ఆరవ అడుగు: ఇన్సులేషన్

ఇన్సులేషన్ మందం గురించి జరిగే చర్చ కంటే స్టీలు పట్టీల గురించిన ఆలోచన ఎక్కువ ఫలితమిస్తుంది. ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ షీటుతో పోలిస్తే స్టీలు వేడిని సుమారు 1,500 రెట్లు సులభంగా బయటికి పోనిస్తుంది. గోడల మధ్య 50 మిల్లీమీటర్ల షీటు నింపి పట్టీలను బట్టబయలుగా వదిలేస్తే తేమ అంతా పట్టీల మీదే చేరుతుంది. కాబట్టి పట్టీల మీద కూడా సన్నని గాలి అరలు మూసి ఉండే (క్లోజ్డ్ సెల్) రబ్బరు నురుగు షీటు పలుచగానైనా అంటించాలి. ఇక్కడ చలి మంచి సాయం చేస్తుంది: తాత్కాలికంగా షీట్లను అమర్చి, లోపల కాసేపు వెచ్చగా ఉంచి, ఉదయం పైకప్పు మీది మంచును బయటినుంచి చూస్తే, అది కరిగిన గీతలే వేడి పారిపోయే దారులు.

మెరిసే బుడగల రేకు కాగితం ఒక గాలి ఖాళీ వైపు తిరిగి ఉన్నప్పుడే పనిచేస్తుంది. రెండు పొరల మధ్య నొక్కిపెట్టినప్పుడు దాని విలువ దాదాపు శూన్యం. డబ్బా నురుగును గోడల బోలులోకి చిమ్మడం నాకు నచ్చదు, అది వ్యాకోచించి పలుచని రేకును వంచుతుంది, నీరు పోయే రంధ్రాలను మూసేస్తుంది, తర్వాత తీగ లాగడానికి దారి మిగల్చదు. ఇద్దరు మనుషులు రాత్రి నిద్రలో వదిలే తేమ అర లీటరుకు అటూ ఇటుగా ఉంటుంది. దాన్ని ఏ పొరా పూర్తిగా అడ్డుకోలేదు, ఫ్యాను ద్వారా బయటికి పంపవలసిందే.

ఏడవ అడుగు: విద్యుత్ పలకను ఇంట్లో తయారు చేయడం

చలికాలపు సాయంత్రాలకు ఇంతకంటే తగిన పని లేదు. బ్యాటరీ తప్ప మిగిలినదంతా, అంటే ఫ్యూజుల పెట్టె, బస్‌బార్లు (అనేక తీగలు కలిసే లోహపు పట్టీలు), సోలార్ కంట్రోలరు, బండి నడుస్తుండగా ఛార్జ్ చేసే డీసీ-డీసీ ఛార్జరు, మెయిన్ స్విచ్చు, వీటన్నిటినీ ఒక ప్లైవుడ్ పలక మీద బల్ల దగ్గర బిగించి, పరీక్షించి, చివరకు ఒకే ముక్కగా బండిలోకి ఎక్కించవచ్చు.

ముందు రోజువారీ వాడకం లెక్క వేయాలి. కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుని రోజులో మూడో వంతు నడిస్తే 360 వాట్-అవర్లు. దీపాలు 10 వాట్ల చొప్పున 4 గంటలు అయితే 40, ఫ్యాను 20 వాట్ల చొప్పున 8 గంటలు అయితే 160, ఫోన్లు, ల్యాప్‌టాప్‌కు 60 వేసుకుంటే మొత్తం 620. 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12.8 వోల్టుల దగ్గర 1,280 వాట్-అవర్లు ఇస్తుంది. అందులో 80 శాతమే వాడినా ఒకటిన్నర రోజుకు పైగా సరిపోతుంది. అయితే ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల దిగువన ఛార్జ్ చేస్తే లోపలి పలకపై లిథియం లోహంగా పేరుకుని శాశ్వత నష్టం కలుగుతుంది. అందుచేత చలిలో ఛార్జింగ్‌ను తానే ఆపే నియంత్రణ ఉన్న బ్యాటరీని ఎంచుకుని, దానిని నేల కింద కాకుండా ఇన్సులేషన్ లోపల ఉంచాలి.

సోలార్ పలకల విషయంలో చలి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గినప్పుడల్లా ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (ఏ పరికరమూ తగిలించనప్పుడు పలక చూపే వోల్టేజి) సుమారు 0.3 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 24 వోల్టులు చూపే పలకలు రెండింటిని వరుసగా కలిపితే 48 వోల్టులు. మైనస్ 10 డిగ్రీల ఉదయం అవే 53 వోల్టులు దాటుతాయి, 50 వోల్టుల పరిమితి గల కంట్రోలరు కాలిపోతుంది. పరిమితి కంటే కనీసం ఐదో వంతు తక్కువలో ఉండేలా పలకలను ఎంచుకోవాలి.

తీగ మందాన్ని రానూ పోనూ దూరం కలిపి లెక్కించాలి. ఫ్రిజ్ 4 మీటర్ల దూరంలో ఉండి 5 ఆంపియర్లు లాగితే తీగ పొడవు 8 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో సుమారు 0.46 వోల్టులు, 2.5 తీగలో 0.28 వోల్టులు పోతాయి. 3 శాతం, అంటే 0.36 వోల్టులు మించకూడదనుకుంటే రెండవదే వేయాలి. ఇళ్ళలో వాడే ఒంటి తీగ కుదుపులకు తెగుతుంది, సన్నని పోగులున్న తీగ కావాలి. లగ్గులను, అంటే తీగ చివర తొడిగే లోహపు కొనలను, సోల్డరింగ్ చేయడం కంటే సరైన పరికరంతో క్రింప్ చేయడం (నొక్కి బిగించడం) మంచిది, ఎందుకంటే సోల్డరు పీల్చుకున్న చోట తీగ బిరుసెక్కి అక్కడే విరుగుతుంది. ఫ్యూజు ఉన్నది పరికరాన్ని కాపాడడానికి కాదు, తీగను కాపాడడానికి. ప్రతి తీగకూ దాని సామర్థ్యాన్ని మించని ఫ్యూజు, బ్యాటరీ ధన ధ్రువానికి 18 సెంటీమీటర్ల లోపు ఒక ప్రధాన ఫ్యూజు ఉండాలి. పలక సిద్ధమయ్యాక ప్రతి తీగకు రెండు చివరలా పేరు చీటీ అంటించి, మొత్తం పటాన్ని కాగితం మీద గీసి బండిలోనే ఉంచాలి.

ఎనిమిదవ అడుగు: చెక్కపని, బరువు

అట్టపెట్టెల ముక్కలతో మంచం, వంటబల్ల, అల్మరాల నమూనాలు అసలు కొలతల్లో చేసి బండిలో నిలబెట్టి, వాటి మధ్య కొన్ని సాయంత్రాలు తిరగాలి. అసలు ప్లైవుడ్‌ను వెచ్చని చోట నిల్వచేసి, అక్కడే కోసి, అంచులకు వార్నిష్ వేసి తేవాలి. 2.44 మీటర్ల పొడవు, 1.22 మీటర్ల వెడల్పు గల 12 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్ షీటు సుమారు 24 కిలోలు తూగుతుంది. అలాంటివి ఆరు అంటే ఇద్దరు మనుషుల బరువు. అల్మరాలను బాడీకి ఎమ్6 రివెట్ నట్లు (రేకు కన్నంలో బిగుసుకుని బోల్టును పట్టే నట్లు), బోల్టులతో బిగించాలి, జిగురుతో కాదు. పరుపు కింద పలకకు బదులు ఖాళీలు ఉన్న చెక్క పట్టీలు వేయకపోతే అడుగున తేమ పట్టి బూజు వస్తుంది.

తొమ్మిదవ అడుగు: వెచ్చదనం, వంట గ్యాసు

మండే గాలిని బయటినుంచే తీసుకుని పొగను బయటికే వదిలే డీజిల్ హీటరు లోపలి తేమను పెంచదు. దాని పొగగొట్టం బండి అంచు దాటి బయటికి రావాలి, కిటికీల కింద ఉండకూడదు. వంట గ్యాసు గాలి కంటే బరువైనది కాబట్టి, సిలిండరు అరను లోపలికి తెరుచుకోకుండా మూసి, అడుగున బయటికి ఒక రంధ్రం వదలాలి. గ్యాసు హెచ్చరిక యంత్రం నేలకు దగ్గరగా, కార్బన్ మోనాక్సైడు హెచ్చరిక యంత్రం పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో ఉండాలి. వాహనం రకం మారినట్టు నమోదు, బీమా నిబంధనలు దేశానికో విధంగా ఉంటాయి కనుక, గ్యాసు, సీట్లు అమర్చక ముందే అవి చదువుకోవడం ఖర్చును తప్పిస్తుంది.

పదవ అడుగు: ప్రయోగపు రాత్రి, తూకం

చలి ఇంకా మిగిలి ఉండగానే, ఇంటి ముందే, బండిలో ఒక రాత్రి పడుకోవాలి. ఉష్ణోగ్రత, తేమ మీటర్లను ఒకటి మంచం దగ్గర, ఒకటి వెనుక తలుపు దగ్గర ఉంచి, పడుకునే ముందూ లేచాకా బ్యాటరీ స్థితితో పాటు రాసుకోవాలి. ఉదయం చేయి ఎక్కడ తడిసిందో చూసి, ఆ చోట ఇన్సులేషన్ సరిదిద్దాలి. అందుకని గోడ పలకల స్క్రూలను అప్పటివరకు మూతలతో కప్పకూడదు.

ఆ తర్వాత నీటి ట్యాంకు నింపి, ప్రయాణపు సామానంతా ఎక్కించి, వే బ్రిడ్జి మీద ముందు ఇరుసును, వెనుక ఇరుసును విడివిడిగా తూచాలి. తలుపు దగ్గరి ప్లేటు మీద ఉన్న ఇరుసు పరిమితి, మొత్తం పరిమితి రెండూ దాటకూడదు. టైర్లలో గాలిని ఆ బరువుకు తగినట్టు నింపేటప్పుడు, చలిలో ప్రతి 5 లేదా 6 డిగ్రీల తగ్గుదలకు సుమారు 1 పీఎస్‌ఐ పడిపోతుందని లెక్కలోకి తీసుకోవాలి. వెనుక ఇరుసు మీద భారం ఎక్కువైనట్టు తేలితే, అల్మరాలు బోల్టుల మీదే ఉన్నాయి గనుక, నీటి ట్యాంకునో బ్యాటరీనో ముందుకు జరిపి మళ్ళీ తూచుకోవచ్చు.